కన్యాశుల్కమున దోషమూలము

మనుష్యుని దుర్వర్తనము స్వభావజన్యమా, సంఘజన్యమా యను చర్చకు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము మంచి తావు. 1892లోఁ బ్రదర్శింపఁబడి 1897లో ముద్రితమైన యీ నాటకము వెనుక నొక లెక్క కలదు. విజయనగర మహారాజుగారి యాజ్ఞచే విశాఖపట్టణ మండలమున మూఁడేండ్ల శుల్కవివాహములు లెక్కింపఁగా 1034 తేలినవని తొలికూర్పు పీఠిక చెప్పుచున్నది. అందు అయిదేండ్ల బాలికలు 99 మంది. ఏఁడాది ప్రాయమువారును ముగ్గురుండిరి. ఇంతమంది తండ్రులు పుట్టుకతోనే క్రూరులనుట పొసఁగదు. అగ్నిహోత్రావధానులు పెద్దకూఁతురు బుచ్చమ్మ వైధవ్యమును కన్నులారఁ జూచుచునే చిన్నదానిని వృద్ధుఁడగు లుబ్ధావధానులకు విక్రయింప నిశ్చయించెను. అది పాపమని యతనికిఁ దోఁపదు. ఆచారము వెనుక నున్నది.

గిరీశమో! వానికి శుల్కముతోఁ బనిలేదు. ఆంగ్లవిద్య గలదు; వితంతువివాహమును గూర్చి యుపన్యసింపఁగలఁడు. ఆ యుపన్యాసమే బుచ్చమ్మకు వలయైనది. సంఘసంస్కారము అవధానులను మాన్పఁగలదు గాని, సంస్కారమునే పనిముట్టుగాఁ జేసికొన్నవాని నేమి చేయఁగలదు? అయినను వలలోఁ బడుటకు బాలవితంతువు నక్కడ నుంచినది సంఘమే. మిగులఁ బెంచి వ్రాసిన 1909 నాఁటి కూర్పునఁ గవి సౌజన్యారావు పంతులను నిష్కపటుఁడగు సంస్కర్తగా నిలిపెను. వేశ్యల మొగము చూడనొల్లని యాతఁడు గిరీశమును నమ్మియుండెను. వాని గుట్టు నాతనికిఁ దెలిపినది మధురవాణి.