పిట్ట కొంచెం, కూత ఘనం: ఒక చిన్న కారు చరిత్ర

మా ఇంట్లో బీరువా పైన ఒక రేకు ముక్క ఉంది. దాని మీద ఇంగ్లీషులో "హెరాల్డ్" అని రాసి ఉంటుంది. చిన్నప్పుడు నేను అది ఎవరో దొర పేరు అనుకునేవాణ్ణి. పోయిన సెలవుల్లో తాతని అడిగితే, అది ఒక కారు పేరు అని చెప్పారు.

మా తాత వయసులో ఉన్నప్పుడు కోవిల్‌పట్టిలో ఒక వర్క్‌షాపులో పని చేశారు. అక్కడికి ఒక డాక్టరు గారి హెరాల్డ్ కారు రిపేరుకి వచ్చేదట. డాక్టరు గారు పోయాక ఆ కారు చాలా ఏళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. చివరికి దాన్ని పాత ఇనుము కింద తూకానికి అమ్మేశారు. "పేరైనా నాకు ఇవ్వండి" అని తాత అడిగి ఆ రేకు ఊడదీసి తెచ్చుకున్నారట. ఒక పాత కారు కోసం ఇంత బాధ ఎందుకు అని నాకు అనిపించింది. అందుకే దాని చరిత్ర తెలుసుకున్నాను.

మద్రాసు కారు

హెరాల్డ్ మొదట ఇంగ్లండులో, 1959లో వచ్చింది. కొవెంట్రీ ఊళ్లోని స్టాండర్డ్ ట్రయంఫ్ కంపెనీ దాన్ని తయారు చేసింది. హెరాల్డ్ అంటే కబురు తెచ్చేవాడు, దండోరా వేసేవాడు అని అర్థం. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన జొవాన్ని మికెలొట్టి.

మన దేశంలో 1961 నుంచి మద్రాసు దగ్గర స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ కంపెనీ ఈ కారును "స్టాండర్డ్ హెరాల్డ్" పేరుతో చేసింది. ఆ రోజుల్లో కారు చేయాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. అందుకని జనం ఎక్కువగా చూసిన కార్లు మూడే: కలకత్తా వైపు అంబాసడర్, బొంబాయిలో ఫియట్, మద్రాసులో హెరాల్డ్. మూడింటిలో హెరాల్డే చిన్నగా, నాజూగ్గా ఉండేది. ఇంజను 948 సి.సి. మాత్రమే. ఇంగ్లండులో ఈ కారుకి రెండు తలుపులే. ఇంట్లో అందరం కలిసి వెళ్లే అలవాటు మనది కదా, అందుకే మద్రాసు కంపెనీ తరువాత నాలుగు తలుపుల హెరాల్డ్ చేసింది. అది ఇంగ్లండులో ఎప్పుడూ రాలేదు.

లోటు నుంచి వచ్చిన అందం

ఈ కారు కథలో నాకు బాగా నచ్చింది ఇదే. ఆ కాలంలో చాలా కొత్త కార్లు చాసీ, బాడీ కలిపి ఒకే ముక్కగా వస్తున్నాయి. స్టాండర్డ్ కంపెనీ కూడా అలాగే చేయాలనుకుంది. కానీ వాళ్లకి బాడీలు చేసిచ్చే పెద్ద కంపెనీని 1953లో పోటీ కంపెనీ బి.ఎం.సి. కొనేసింది. ఇక ఏం చేస్తారు? కింద గట్టి చాసీ పెట్టి, పైన రేకులను విడివిడిగా వేర్వేరు చోట్ల చేయించి, బోల్టులతో బిగించారు.

అప్పుడు అది పాత పద్ధతి అనిపించుకుంది. కానీ దానివల్లే మేలు జరిగింది. బలమంతా కింది చాసీలో ఉంది కాబట్టి పైకప్పు తీసేసినా కారు నిలుస్తుంది. అందుకే 1960లోనే టాపు మడిచే ఓపెన్ హెరాల్డ్ సులభంగా వచ్చింది. ముందు భాగం బానెట్, మడ్‌గార్డులతో సహా ఒకేసారి ముందుకి తెరుచుకుంటుంది. చక్రం మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. "కింద దూరి పడుకోవక్కర్లేదురా, వంట చేసినట్టు నిలబడి చేసేవాళ్లం" అని తాత చెప్పారు. ఇంకో గొప్ప, స్టీరింగు. 25 అడుగుల చోటు ఉంటే చాలు, కారు మొత్తం గుండ్రంగా తిరిగిపోతుంది. మా వైపు బజారు సందుల్లో అలాంటి కారు ఎంత ఉపయోగమో చెప్పక్కర్లేదు.

తమ్ముడు స్పిట్‌ఫైర్

ఇదే హెరాల్డ్ చాసీని పొట్టిగా చేసి, మికెలొట్టి ఇద్దరు కూర్చునే ఓపెన్ స్పోర్ట్స్ కారు గీశాడు. అయితే 1960లో కంపెనీ దగ్గర డబ్బు లేదు. నమూనా కారుని గుడ్డ కప్పి ఫ్యాక్టరీలో ఒక మూల పెట్టేశారు. 1961లో లేలాండ్ కంపెనీ ఆ ఫ్యాక్టరీని కొన్నది. కొత్త యజమానులు చూడడానికి వచ్చి, గుడ్డ తీసి, ఆ కారు నచ్చి చేయమన్నారు. 1962లో అది స్పిట్‌ఫైర్ పేరుతో బయటికొచ్చింది. స్పిట్‌ఫైర్ అంటే రెండో ప్రపంచ యుద్ధంలో ఇంగ్లండు వాడిన యుద్ధ విమానం పేరు.

దాని ఇంజను 1147 సి.సి. అంతే. అయినా 1965లో ఫ్రాన్సులో జరిగిన లె మాన్ 24 గంటల రేసులో తన తరగతిలో మొదటి స్థానం గెలిచింది. పిట్ట కొంచెం కూత ఘనం అంటే ఇదే. మా శివకాశి వైపు చిన్న టపాకాయ కూడా ఇలాగే ఉంటుంది! 1980లో ఆపేసే లోపు సుమారు 3,14,000 స్పిట్‌ఫైర్‌లు తయారయ్యాయి. పాత కార్లంటే ఇష్టమున్నవాళ్లు ఇప్పటికీ దాన్ని మెచ్చుకుంటారు. ధర తక్కువ, రూపం అందం, ఇంటి దగ్గరే విప్పి బిగించుకోవచ్చు అని వాళ్ల మాట.

తప్పు కూడా చెప్పాలి

చరిత్ర రాసేటప్పుడు పొగడ్త ఒక్కటే రాయకూడదని మా టీచర్ చెప్పారు. ఈ రెండు కార్లకీ వెనక చక్రాల దగ్గర ఒక లోపం ఉంది. మలుపులో వేగంగా వెళుతూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలేస్తే, వెనక చక్రం లోపలికి మడుచుకుని కారు జారిపోవచ్చు. స్పిట్‌ఫైర్‌లో దీన్ని 1970లో సరిచేశారు. మన దేశంలో కూడా చాలామంది మెకానిక్కులకు ఆ పద్ధతి నచ్చలేదు. అందుకే హెరాల్డ్ తరువాత మద్రాసులో వచ్చిన గజెల్ కారుకి మామూలు గట్టి యాక్సిల్ పెట్టారు. గజెల్ కూడా 1977లో ఆగిపోయింది.

నేను తెలుసుకున్నది

2022 నుంచి మా వెంబకోట్టై దగ్గర విజయకరిసల్‌కుళంలో పురావస్తు శాఖ తవ్వకాలు చేసింది. శంఖు గాజుల ముక్కలు, పూసలు, మట్టి బొమ్మలు దొరికాయి. విరిగిన గాజు ముక్కని కూడా పారేయకుండా నంబరు వేసి దాచారు. ఎందుకంటే అది ఎవరో చేతితో చేసింది, ఎవరో వేసుకున్నది. మరి 60 ఏళ్ల కింద మన రాష్ట్రంలోనే మన కార్మికులు చేసిన కారుని మాత్రం కిలోల లెక్కన అమ్మేశాం. అది కూడా చరిత్రే అని అప్పుడు ఎవరికీ తోచలేదు. తాతకి ఒక్కరికే తోచింది.

చెన్నైలో, కోయంబత్తూరులో పాత కార్ల ర్యాలీలకు కొందరు ఇప్పటికీ హెరాల్డ్ తీసుకొస్తారు. ఒకసారి తాతని అక్కడికి తీసుకెళ్లాలని ఉంది. మీ ఇళ్లలో కూడా పాత సైకిలో, రేడియోనో, కుట్టు మిషనో మూల పడి ఉంటే, తూకానికి వేసే ముందు అది ఎక్కడ తయారైందో పెద్దవాళ్లని అడగండి. బీరువా పైన రేకు ముక్కని ఇప్పుడు నేనే వారానికోసారి తుడుస్తున్నాను.