‘ఏపీ స్ట్రెయిన్’ ఏమైంది? నెల్లూరు తీరం చెప్పే పాఠం



2021 మే 31వ తేదీన రెండు ప్రకటనలు వెలువడ్డాయి. నెల్లూరు జిల్లా ముత్తుకూరు మండలంలోని కృష్ణపట్నంలో ఆనందయ్య తయారుచేసే మందుల పంపిణీకి, కంటి చుక్కలు మినహా, రాష్ట్ర ప్రభుత్వం అనుమతినిచ్చింది. అదే రోజున ప్రపంచ ఆరోగ్య సంస్థ కరోనా రకాలకు గ్రీకు అక్షరాలతో పేర్లు పెట్టింది. వైరస్‌కు ఊరి పేరో దేశం పేరో తగిలించి అక్కడి ప్రజలకు అపకీర్తి తేరాదన్నది ఆ నామకరణానికి ఒక కారణం.

ఆ అపకీర్తి రుచి మనకు అప్పటికే తెలుసు. ఆ మే నెల ఆరంభంలో ‘ఏపీ స్ట్రెయిన్’ అనే మాట దేశమంతటా మారుమ్రోగింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వచ్చేవారికి ఢిల్లీ ప్రభుత్వం 14 రోజుల క్వారంటైన్ విధించింది. ఆ స్ట్రెయిన్ ఏమిటో, చివరకు ఏమైందో తెలిస్తే వైరస్ ఎలా మారుతుందో సులభంగా బోధపడుతుంది.

తాళపత్ర గ్రంథానికి ప్రతి వ్రాసే లేఖకుణ్ణి ఊహించుకోండి. ఎంత శ్రద్ధగా వ్రాసినా ఎక్కడో ఒక అక్షరం తప్పుతుంది. ఆ తప్పుల ప్రతిని చూసి వ్రాసినవాడు అదే తప్పును కొనసాగిస్తాడు. కరోనా వైరస్ జన్యుపటం సుమారు 30,000 అక్షరాల గ్రంథం. అది మన కణంలో చేరి ప్రతులు తీసుకొనేటప్పుడు దొర్లే తప్పే మ్యుటేషన్. తప్పులను సరిదిద్దే ఎంజైమ్ దీనికి ఉన్నది కనుక ఇన్‌ఫ్లుయెంజా కంటే నెమ్మదిగా మారుతుంది. అయినా ఒకరి నుండి ఒకరికి సాగే పరంపరలో నెలకు సగటున రెండు మార్పులు నిలిచిపోతాయి. వాటిలో అధిక భాగం నిరుపయోగం. ఎప్పుడో ఒకటి వ్యాప్తికి తోడ్పడితే, ఆ వంశమే తక్కినవాటిని త్రోసివేస్తుంది.

మన గడ్డపై ఈ వంశాల పోటీ స్పష్టంగా కనిపించింది. 2020 మార్చి 12న రాష్ట్రంలో తొలి కేసు నెల్లూరులోనే నిర్ధారణ అయింది. రోగి ఇటలీ నుండి తిరిగివచ్చిన యువకుడు. ఆ తొలి నెలల్లో ఏ3ఐ అనే వంశం తెలంగాణ, తమిళనాడు తదితర రాష్ట్రాలలో విస్తారంగా ఉన్నట్లు హైదరాబాదులోని సీసీఎంబీ గుర్తించింది. కొద్ది నెలలకే డీ614జీ అనే మార్పు గల ఏ2ఏ వంశం దానిని వెనుకకు నెట్టింది. తరువాత దక్షిణాదిన ఎన్440కె మార్పు గల రకం కనిపించింది. ‘ఏపీ స్ట్రెయిన్’ అన్నది దీనినే. అది పదిహేను రెట్లు ప్రమాదకరమన్న ప్రచారం సాగుతున్నప్పటికే అది కనుమరుగవుతున్నదని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చెప్పారు. దానిని త్రోసివేస్తున్నది మే 31న ‘డెల్టా’ పేరు పొందిన రకం.

కథ అక్కడితో ముగియలేదు. 2021 నవంబరులో దక్షిణాఫ్రికా నుండి వెల్లడైన ఒమిక్రాన్ స్పైక్ ప్రోటీనులో ముప్పైకి పైగా మార్పులున్నాయి. వాటిలో ఎన్440కె ఒకటి! మన స్ట్రెయిన్ అక్కడికి ప్రయాణించలేదు. ఒకే అక్షరదోషం ఇద్దరు లేఖకుల చేతిలో విడివిడిగా దొర్లినట్లు, అదే మార్పు వేరొక వంశంలో మళ్ళీ పుట్టింది. కాబట్టి మ్యుటేషన్‌కు ఊరూ లేదు, కులమూ లేదు. దానికి కావలసినది ప్రతులు తీసుకొనే అవకాశం మాత్రమే.

ఇక కృష్ణపట్నానికి వద్దాం. ఆ మే నెలలో మందు కోసం వేలాదిమంది ఆ తీరగ్రామానికి తరలివచ్చారు. ఆక్సిజన్ పడకలు దొరకని రోజులవి. వారి ఆర్తిని నేను పరిహసించను. అయితే రోగులు, ఆరోగ్యవంతులు భుజాలు రాసుకొని నిలిచిన ఆ బారులలో వైరస్‌కు ఎన్ని కొత్త శరీరాలు లభించగలవో ఆలోచించండి. మందు కోవిడ్‌ను నయం చేస్తుందన్న ఆధారం లభించలేదు. అనుమతితోపాటు ప్రభుత్వం మరో సూచన చేసింది: రోగులు స్వయంగా రావద్దు, బంధువులను పంపండి. మందుపై జరిగిన వాదోపవాదాల హోరులో ఈ మాట మరుగునపడింది. నా దృష్టిలో వైరస్ పరిణామాన్ని అర్థం చేసుకొని చెప్పిన మాట అదే.

వైరస్ చేసే తప్పులను మనం ఆపలేము. అది వ్రాసే ప్రతుల సంఖ్యను తగ్గించగలం. జ్వరమో దగ్గో వచ్చిన రోజున ఇంటిపట్టున ఉండండి, తప్పనిసరియై బయటకు వెళితే మాస్కు ధరించండి, టీకా వేయించుకోండి. రేపు మరో కొత్త పేరు వినబడినప్పుడు, అది ఏ ఊరిదని అడగడానికి ముందు, మన ద్వారా ఎందరికి చేరబోతున్నదని ప్రశ్నించుకోండి.