స్త్రీ అధ్యయనం: ఎక్కడ పుట్టింది, ఎక్కడికి పోవాలి?

ఎం.ఏ.లో చేరబోయే విద్యార్థులు కొంతకాలంగా నన్నొక ప్రశ్న అడుగుతున్నారు: స్త్రీ అధ్యయనం చదివితే ఏమవుతాం? ప్రశ్న న్యాయమైనదే. రెక్కలు ముక్కలు చేసుకుని చదివించే తల్లిదండ్రులున్న పిల్లలు ఉద్యోగం సంగతి అడగకుండా వుండలేరు. అయితే ఒక చదువు ఎక్కడికి తీసుకుపోతుందో చెప్పాలంటే, అది ఎక్కడినుంచి వచ్చిందో ముందు తెలుసుకోవాలి. స్త్రీ అధ్యయనం విశ్వవిద్యాలయపు గేటు బయట ప్రశ్నగా పుట్టి, పోట్లాడి లోపలికి వచ్చింది. బయటితో ఆ సంబంధం తెగిపోతే అది డిగ్రీగా మిగలవచ్చు గాని, జ్ఞానంగా మిగలదని నా వాదన.

1971లో కేంద్ర ప్రభుత్వం స్త్రీల స్థితిగతులను పరిశీలించడానికి ఒక కమిటీని వేసింది. ఫూల్‌రేణు గుహ దానికి అధ్యక్షురాలు, వీణా మజుందార్ సభ్య కార్యదర్శి. 1974 చివర వెలువడిన ఆ నివేదిక పేరు ‘టువార్డ్స్ ఈక్వాలిటీ’. పేరులో వున్న సమానత్వం లోపలి లెక్కల్లో లేదు. 1901లో వెయ్యిమంది పురుషులకు 972 మంది స్త్రీలుంటే, 1971 నాటికి ఆ సంఖ్య 930కి పడిపోయింది. రాజ్యాంగం సమానత్వాన్ని హామీ ఇచ్చి ఇరవై ఏళ్లు దాటినా స్త్రీలు సంఖ్యలోనే తరిగిపోతున్నారన్నమాట. జనాభా లెక్కలు అందరికీ అందుబాటులోనే వున్నాయి. వాటిని ఆ దృష్టితో చదివినవారే లేరు. ఆ లోటులోంచే యీ చదువు అవసరం పుట్టింది. 1974లోనే బొంబాయి ఎస్.ఎన్.డి.టి. మహిళా విశ్వవిద్యాలయంలో స్త్రీలపై పరిశోధనకు ఒక విభాగం ఏర్పడింది. 1981లో తొలి జాతీయ సమావేశం అక్కడే జరిగింది. 1982లో భారత స్త్రీ అధ్యయనాల సంఘం ఏర్పడింది.

కాని నివేదికలు ఒక్కటే ఏ చదువునూ పుట్టించవు. 1978లో హైదరాబాదులో రమీజాబీ మీద పోలీసులు చేసిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. అదే సంవత్సరం ‘మధుర’ కేసులో సుప్రీంకోర్టు యిద్దరు పోలీసులను నిర్దోషులుగా వదిలిపెట్టింది. ఆమె ప్రతిఘటించిన గుర్తులు లేవు గనుక అంగీకరించిందని భావించడం ఏ న్యాయమని 1979లో నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. వారిలో లతికా సర్కార్ స్త్రీల స్థితిగతుల కమిటీలో సభ్యురాలు కూడా. ఆ లేఖ తరగతిగదిలో ఆగిపోలేదు. దేశమంతటా స్త్రీలు దాన్ని వీధుల్లోకి తీసుకువచ్చారు. 1983లో అత్యాచార చట్టం సవరణకు వచ్చింది. అధ్యాపకుల కలమూ ఊరేగింపులోని నినాదమూ కలిసినప్పుడు ఏం జరుగుతుందో చూపిన ఘట్టమిది.

ఆ వాతావరణంలోనే హైదరాబాదులో స్త్రీశక్తి సంఘటన ఏర్పడింది. అందులోని రచయిత్రులు, అధ్యాపకులు, వైద్యులు ఒక పని తలపెట్టారు. 1946-51 తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీలను వెతుక్కుంటూ వెళ్లి, వాళ్ల మాటలను వాళ్ల నోటినుంచే రికార్డు చేశారు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వెలువడింది. యీ పుస్తకాన్ని నేను సాహిత్య విద్యార్థులందరికీ మొదటి పాఠంగా చెబుతాను. తెలంగాణా పోరాటం గురించి అప్పటికే ఎన్నో పుస్తకాలున్నాయి. వాటిలో స్త్రీల త్యాగాల ప్రస్తావనా వుంది. కాని త్యాగమని ఒక్కమాటలో తేల్చేసిన దానిలో ఎంత జీవితం వుందో యీ పుస్తకం చెప్పింది. దళంలో వుండడం కోసం పసిబిడ్డను పరాయి చేతుల్లో పెట్టిన తల్లి ఏమనుకుంది? తుపాకీ పట్టిన చేతులకు పోరాట విరమణ తర్వాత మళ్లీ గరిటె అప్పగించినప్పుడు ఎలా వుంది? యీ ప్రశ్నలు పోరాటాన్ని కించపరిచేవి కావు. ఆ పోరాటం తమ బతుకులో ఎంత గొప్పదో చెబుతూనే ఆ స్త్రీలు తమ అసంతృప్తినీ చెప్పారు. ప్రగతిశీల ఉద్యమాలు తమను తాము పరీక్షించుకోవడానికి ఇంతకు మించిన అద్దం లేదు.

మరొక ముఖ్య విషయం: ఆ పుస్తకం మొదట తెలుగులో వచ్చింది. ఇంగ్లీషు రూపం 1989లో వచ్చింది. ఎవరినుంచి జ్ఞానం తీసుకున్నారో వాళ్ల భాషలో దాన్ని ముందుగా తిరిగి యిచ్చారు. 1985లో హైదరాబాదులోనే ఏర్పడిన ‘అన్వేషి’ 1991లో స్త్రీల ఆరోగ్యం మీద తెచ్చిన ‘సవాలక్ష సందేహాలు’ కూడా తెలుగు పుస్తకమే. డాక్టరు దగ్గర నోరు విప్పలేని స్త్రీకి తన శరీరం గురించి తెలియజెప్పడం కూడా పరిశోధనేనని అది నిరూపించింది.

సాహిత్య చరిత్రకు వస్తే మన ఇంటి ఉదాహరణే వుంది. పద్దెనిమిదో శతాబ్దపు తంజావూరులో ముద్దుపళని రాసిన ‘రాధికా సాంత్వనము’ను వీరేశలింగం పంతులుగారు స్త్రీనోట రాదగని బూతుగా తీసిపారేశారు. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని సంపూర్ణంగా అచ్చువేయించి, పురుషకవులకు లేని నియమం ఆమెకెందుకని నిలదీసింది. 1911లో ప్రభుత్వం దాన్ని నిషేధించింది. 1947లోగాని ఆ నిషేధం తొలగలేదు. వితంతు వివాహాలకోసం రాళ్లదెబ్బలకు వెరవని సంస్కర్త, ఒక వేశ్య కవిత్వం ముందు ఎందుకు బిగుసుకుపోయాడు? యీ ప్రశ్న వీరేశలింగం గొప్పదనాన్ని తగ్గించదు. సంస్కరణోద్యమం గీసిన మంచి స్త్రీ బొమ్మ బయట ఎవరెవరు మిగిలిపోయారో చూపిస్తుంది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో 1991, 1993లలో రెండు సంపుటాలుగా వచ్చిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ ముద్దుపళని వంటి ఎందరినో తిరిగి పాఠకుల ముందు నిలబెట్టింది.

స్త్రీ అధ్యయనం కూడా విమర్శకు అతీతం కాదు. ‘స్త్రీ’ అన్న ఒక్కమాటలో ఏ కులపు స్త్రీ దాక్కుందని దళిత, ముస్లిం స్త్రీలు నిలదీశారు. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన దళిత స్త్రీల సాహిత్య సంకలనం ‘నల్లపొద్దు’ ఆ నిలదీతకు సాక్ష్యం. తనను నిలదీసినవారి దగ్గర పాఠం నేర్చుకోగలగడమే యీ చదువుకు ప్రాణం.

1986 జాతీయ విద్యావిధానం స్త్రీ అధ్యయనాన్ని ప్రోత్సహించాలని ప్రకటించింది. యు.జి.సి. నిధులతో దేశంలో 150కి పైగా కేంద్రాలు వెలిశాయి. ఇది గెలుపే. కాని పాలకుల నిధులమీద నిలిచినది పాలకుల ఇష్టంమీద ఊగిసలాడుతుంది. పన్నెండో ప్రణాళిక ముగిసిన 2017లో యీ కేంద్రాల కొనసాగింపే ప్రశ్నార్థకమై, అధ్యాపకులూ విద్యార్థులూ ఆందోళన చేయవలసి వచ్చింది.

ఇక ఉద్యోగం సంగతి. నెట్ పరీక్షలో ఇదొక సబ్జెక్టు. బోధన, పరిశోధన, పత్రికలు, ప్రచురణ, న్యాయసహాయం, స్త్రీ శిశు సంక్షేమం, స్వచ్ఛంద సంస్థలు—దారులున్నాయి. అవి రాజమార్గాలని నేను ఎవరినీ మభ్యపెట్టను. పోస్టులు తక్కువ. వాటిలో శాశ్వతమైనవి మరీ తక్కువ. పాఠ్యగ్రంథాల్లో ఎక్కువభాగం ఇంగ్లీషులో వుండడం తెలుగు మాధ్యమంలో చదివిన అమ్మాయికి అడ్డుగోడ. అయితే ఆ అమ్మాయికి లైబ్రరీలో దొరకనిదొకటి తెలుసు. నాట్లువేసే అమ్మ మాట, బీడీలు చుట్టే అత్త మాట ఆమెకు అనువాదం లేకుండా అర్థమవుతాయి. ముడిసరుకు ఇక్కడా, సిద్ధాంతం వేరెక్కడా తయారయ్యే పద్ధతిని బద్దలుకొట్టగలిగేది ఆమే. ఆ మాటలను వాళ్ల అనుమతితో, వాళ్ల మాండలికంలోనే రాసుకోవాలి. రాసింది వాళ్లకు చదివి వినిపించాలి. రచయితలుగా ఆమె రాతకు మన పత్రికల్లో చోటివ్వడం మన బాధ్యత.

1924లో మొదలైన హైదరాబాదు కోఠీ మహిళా కళాశాల 2022లో విశ్వవిద్యాలయమైంది. 2024లో ప్రభుత్వం దానికి చాకలి ఐలమ్మ పేరు ప్రకటించింది. పాలకుర్తిలో తన పంటను విసునూరు దేశ్‌ముఖ్ పాలు కానివ్వని ఐలమ్మ ‘మనకు తెలియని మన చరిత్ర’లో స్వయంగా మాట్లాడింది. ఆ పుస్తకం అచ్చయ్యేనాటికి ఆమె లేదు. 1985లో చనిపోయింది. ఆమె మాటను ఎవరో వెళ్లి అడిగారు గనుక మనకు దక్కింది. ఆ పేరు చెక్కిన గేటులోపల చదువుకునే విద్యార్థిని ఏమవుతుందన్న ప్రశ్నకు నా జవాబు ఇది: ముందు ఆమె అడిగే మనిషి కావాలి. అడగని కారణంగా పోయిన గొంతులు ఇప్పటికే చాలా వున్నాయి.