సున్నపు నీళ్ళలో మొక్కజొన్న

పైదేశం వెళ్తే కోటలూ మ్యూజియాలూ చూసి వస్తాం. మెక్సికో వెళ్ళినవారు మాత్రం ఒక పూట ఒహాకాలో ఏ ఇల్లాలి దగ్గరైనా వంట నేర్చుకోండి. అక్కడ ఇళ్ళల్లోనే నేర్పుతారు.

మొక్కజొన్న గింజల్ని సున్నపు నీళ్ళలో ఉడికించి, రాత్రంతా నాననిస్తారు. మనం తాంబూలంలో వేసుకునే సున్నంలాంటిదే! పొద్దున్నే పొట్టు పోయేలా కడిగి, సన్నికల్లులాంటి రాతిమీద నూరి, పల్చటి రొట్టెలు చేసి పెనంమీద కాలుస్తారు.

ఈ పద్ధతి మూడువేల ఏళ్ళ పైమాటే. 1492లో కొలంబస్ అమెరికా చేరాక ఈ గింజ యూరప్ వెళ్ళింది, సున్నపు నీళ్ళ సంగతి వెళ్ళలేదు. మొక్కజొన్నే తిండిగా బతికిన బీదలకు చర్మం పగిలి, విరేచనాలై, మతి చెడే పెల్లగ్రా జబ్బు పట్టుకుంది. స్పెయిన్ డాక్టరు గాస్పర్ కసాల్ 1735లో దాన్ని గుర్తించారు. నియాసిన్ అనే బి విటమిను లోపమే కారణమని 1937లోగానీ తేలలేదు. మొక్కజొన్నలో అది ఉన్నా ఒంటికి పట్టదు. పట్టేలా చేసేది ఆ సున్నమే.

గింజలు పట్టుకెళ్ళినవాళ్ళు వండే ఆడవాళ్ళను ఒక్కమాట అడిగి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో! మనింట్లో పెద్దావిడ "ఇలాగే చెయ్యాలమ్మా" అంటే చాదస్తమని కొట్టిపారెయ్యకండి. ఎందుకో అడగండి, రాసిపెట్టుకోండి.