పెన్ను కోసం వెనక్కి తిరిగిన తెర

డిగ్రీ కాలేజీలో లెక్కలు చెప్పేవాళ్లకి కీబోర్డు పెద్దగా అక్కరకు రాదు. సమాకలన గుర్తు, దాని నెత్తిన ఒక హద్దు, పాదం దగ్గర ఇంకో హద్దు, పక్కన వర్గమూలం కింద ఒక భిన్నం. చేత్తో అయితే ఒక్క ఊపులో రాసేస్తాం, టైపు చెయ్యాలంటే విసుగొస్తుంది. అందుకే తెర మీద పెన్నుతో రాయనిచ్చే లాప్‌టాప్‌లంటే నాకు ముందునుంచీ ఆసక్తి. 2020లో క్లాసులు ఆన్‌లైన్‌కి మారాక మా స్టాఫ్‌రూములోనూ ఆ ఆసక్తి మొదలైంది. "మేడం, లక్ష దాటి పెట్టేటప్పుడు ఏం చూసి కొనాలి?" అని అడుగుతారు. ప్రాసెసర్ సంగతి, ర్యామ్ సంగతి షాపువాళ్లే చెబుతారు. నేను చరిత్ర చెబుతాను. హింజ్, పెన్ను, తెర కొలత: ఈ మూడింటి మీదా ఇంజినీర్లు దశాబ్దాలు కుస్తీ పట్టారు. ఏది ఎందుకు నిలిచిందో, ఏది ఎందుకు పోయిందో తెలిస్తే కౌంటరు దగ్గర కళ్లు సరైన చోటికి వెళతాయి.

చేత్తో పట్టుకునే కంప్యూటరు అన్న ఆలోచన పుట్టింది ఆఫీసు కోసం కాదు, పిల్లల కోసం. 1968లో ఆలన్ కే అనే యువ శాస్త్రవేత్త సీమోర్ పాపర్ట్ దగ్గరికి వెళ్లి, ఆయన పిల్లలకు కంప్యూటరుతో లెక్కలు నేర్పడం చూశాడు. అక్కడినుంచే డైనాబుక్ అనే చిన్న కంప్యూటరు ఊహ రూపుదిద్దుకుంది. ముందు అట్టతో ఒక నమూనా చేశాడు. 1972లో జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో ఉండగా వ్యాసం రాశాడు: నోటుపుస్తకం కన్నా పెద్దది కాకూడదు, బరువు 4 పౌండ్ల లోపు, అంటే సుమారు 1.8 కిలోలు, ధర 500 డాలర్ల దరిదాపుల్లో ఉండాలి. అప్పట్లో కంప్యూటరంటే గది నిండా పట్టే యంత్రం! ఒక పాఠం చెప్పే గదిలో మొదలైన కోరిక ఇది అన్న సంగతి నాకు చాలా ఇష్టం.

ఆ ఊహ బజారుకెక్కడానికి ఏళ్లు పట్టింది. 1989లో జెఫ్ హాకిన్స్ రూపొందించిన పెన్ను కంప్యూటరు గ్రిడ్‌ప్యాడ్ బజారులోకొచ్చింది. బరువు రెండు కిలోలు. 1987లోనే జెర్రీ కాప్లాన్, మిత్రులు గో కార్పొరేషన్ పెట్టి పెన్ను కోసమే ఒక ఆపరేటింగ్ సిస్టమ్ రాయడం మొదలుపెట్టారు. 1992లో మైక్రోసాఫ్ట్ పెన్ను విండోస్ తెచ్చింది, 1993లో ఆపిల్ న్యూటన్ తెచ్చింది. అదే ఏడు కాంపాక్ కాన్‌చెర్టో కీబోర్డు ఊడదీసే వీలుతో వచ్చింది. 1994 కల్లా గో కథ ముగిసిపోయింది. నా లెక్కలో వీళ్లందరినీ దెబ్బతీసింది ఒకే పట్టుదల: మన రాతను యంత్రం చదివి అచ్చక్షరాలుగా మార్చాలని. అప్పటి చిప్పులకు అది మోయలేని బరువు. న్యూటన్ తప్పు చదువులను అమెరికాలో కార్టూన్లు కూడా వెక్కిరించాయి.

అసలు మలుపు 2002 నవంబరు 7న. మైక్రోసాఫ్ట్ ఆ రోజు విండోస్ ఎక్స్‌పీ టాబ్లెట్ పీసీ ఎడిషన్ విడుదల చేసింది. ఐదేళ్లలో అమెరికాలో ఎక్కువగా అమ్ముడయ్యే పీసీ టాబ్లెట్ పీసీయే అవుతుందని బిల్ గేట్స్ అంతకు ముందు ఏడే చెప్పాడు. అలా జరగలేదు. కానీ అందులో జర్నల్ అనే చిన్న ప్రోగ్రాం ఉండేది. మనం గీసిన సిరాను సిరాగానే దాచేది, చదవమని ఎవరూ దాన్ని బలవంతపెట్టనక్కర్లేదు. దానికి తెలుగు చేతిరాత చదవడం రాదు. అయినా నాకేం అడ్డు రాలేదు. "ఈ శ్రేణి అభిసరిస్తుంది" అని రాసి, పక్కనే సిగ్మా గీసుకుంటే రెండూ నా దస్తూరీలోనే నిలిచాయి. వత్తులు, గుడులు, దీర్ఘాలు ఎక్కడివక్కడే.

నా మొదటి యంత్రం సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ల బజారులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్న థింక్‌ప్యాడ్ ఎక్స్61 టాబ్లెట్. తెర మధ్యలో ఒక్కటే హింజ్. తెరను నిలబెట్టి, గిరుక్కున తిప్పి, కీబోర్డు మీద పడుకోబెట్టాలి. బరువంతా ఆ ఒక్క ఇరుసు మీదే. ఎటు తిప్పాలో బాణం గుర్తు ఉంటుంది. కానీ పెన్ను మాత్రం అద్భుతం. వాకామ్ కంపెనీ పద్ధతిలో తెర వెనకున్న తీగల వల అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది, పెన్నులోని తీగచుట్ట దానికి స్పందించి జవాబు పంపుతుంది. పెన్నుకు బ్యాటరీ అక్కర్లేదు. మొన తెరకు కాస్త ఎత్తులో ఉండగానే దాని జాడ తెలుస్తుంది కనుక అరచేయి ఆనించి ధైర్యంగా రాయవచ్చు.

2010లో ఐప్యాడ్ వచ్చి వేలితోనే పని జరిపించింది. దాంతో పీసీ కంపెనీల్లో కంగారు మొదలైంది. 2012 అక్టోబరులో విండోస్ 8 వచ్చేసరికి హింజ్‌ల జాతర! డెల్ ఎక్స్‌పీఎస్ 12లో తెర తన చట్రంలోనే పల్టీ కొట్టేది. సోనీ వయో డుయో 11లో తెర జారి పైకి లేచేది. ఆసుస్ తైచీకి మూతకు రెండు వైపులా తెరలే. లెనోవో యోగా 13లో మూత 360 డిగ్రీలు వెనక్కి తిరిగి అడుగుకు ఆనుకునేది. చివరికి నిలదొక్కుకున్నవి రెండే: యోగా తరహా మడత, మైక్రోసాఫ్ట్ సర్ఫేస్ తరహాలో కాలు చాపి నిలబడే పలక. యోగా తరహా ఎందుకు నిలిచిందో తేలిగ్గానే చెప్పొచ్చు. రెండు చివర్లా రెండు హింజ్‌లుంటాయి, బరువు పంచుకుంటాయి, పైగా మామూలు లాప్‌టాప్‌గా వాడేటప్పుడు ఏ లోటూ కనిపించదు.

తెర కొలత సంగతికి వస్తే లెక్కల మనిషిగా నాకు కొంచెం ఆవేశం వస్తుంది. ఏ4 కాగితం పొడవు, వెడల్పుల నిష్పత్తి రెండు వర్గమూలం, సుమారు 1.41. నా ఎక్స్61 తెర 4:3, అంటే 1.33, కాగితానికి దగ్గరే. 2011లో వచ్చిన ఎక్స్220 నాటికి అది 16:9 అయింది, 1.78. సినిమాకు బాగుంటుంది. నిలువుగా పట్టుకుంటే మాత్రం పొడుగాటి పట్టీలా తయారై, ఒక సమీకరణం ఒక వరుసలో పట్టదు. 2014లో సర్ఫేస్ ప్రో 3 ధైర్యంగా 3:2కు మారింది, 800 గ్రాములకు దిగింది. ఆలన్ కే అడిగిన బరువులో సగం కన్నా తక్కువ! అదే మోడల్‌లో వాకామ్‌ను వదిలి ఎన్-ట్రిగ్ పెన్నుకు వెళ్లారు. గీతకూ మొనకూ మధ్య ఎడం తగ్గింది, కానీ పెన్నుకు బ్యాటరీ అవసరమైంది.

అందుకే మావాళ్లకు చెప్పేదిది. తెర 3:2 గానీ 16:10 గానీ ఉండాలి. మూత వెనక్కి మడిచి ఎడమ చేత్తో పది నిమిషాలు పట్టుకుని చూడండి. 14 అంగుళాలది 1.3, 1.4 కిలోలుంటే చేయి లాగుతుంది, ఒళ్లోనో బల్లమీదో పెట్టి రాసేవాళ్లకే అది సరిపోతుంది. పెన్నుకు ఒంట్లోనే చోటుంటే మంచిది. స్కేలు ఆనించి ఒక మూలనుంచి ఇంకో మూలకు నెమ్మదిగా గీత గీయండి, కొన్ని పెన్నుల గీత వణుకుతుంది. ఆ తర్వాత "ఋ", "ఘ" నిదానంగా రాయండి. ఇంగ్లీషు గీతల్లో దాక్కునే వణుకు మన వంపుల్లో బయటపడుతుంది. సేల్స్ కుర్రాళ్లు తొందరపెడితే పెట్టనివ్వండి.