ఖాకీ నుండి కవచశకటము వరకు

పారశీకమున ‘ఖాక్’ అనగా మట్టి. 1846లో పెషావరున ఏర్పడిన గైడ్సు దళమునకు లమ్స్‌డెన్ దుమ్మురంగు దుస్తులు వేయించెను. సిపాయిల ఖాకీ అట్లు మొదలైనది. మనిషికి సరిపడిన ఈ ఉపాయము ఉక్కుబండికి అంత తేలికగా సరిపడలేదు.

చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములనే చూడుడు. ఒకచోట ఎఱ్ఱ చెల్క, మరియొకచోట నల్లరేగడి. వానలు పడినచో అంతయు పచ్చదనమే. ఇట్టి నేలపై నడచు బండికి ఏ రంగు పూయవలెను?

రెండు ప్రపంచయుద్ధముల నడుమ జర్మనులు 1927లో మట్టిపసుపు, ఆకుపచ్చ, గోధుమ రంగులను మచ్చలుగా వేసిరి. మచ్చలు బండి అంచురేఖను ముక్కలు చేయును; దూరమునుండి ఆకారమును పోల్చుకొనుట కష్టమగును. 1937లో దీనిని మాని, ముదురు బూడిదరంగుపై ముదురు గోధుమ మచ్చలకు మారిరి.

బ్రిటిషువారు 1930 దశకమున టాంకులకు నిగనిగలాడు ముదురుపచ్చ వేసిరి. తుప్పు పట్టదు, కడుగుట సులభము. కాని కవాతు మైదానమునకై ఎన్నుకొన్న రంగువలె తోచును! నునుపుతలము ఎండను ఒకే దిక్కునకు పరావర్తనము చేసి తళుక్కుమనును. గరుకుతలము నలుదిక్కులకు చెదరగొట్టును. 1939లో యుద్ధము రాగానే మెరుపులేని రంగులు వచ్చినవి.

మనదేశమున వేడిమి మరియొక చిక్కు. ముదురురంగు ఎండను హెచ్చుగా పీల్చును. 1920 దశకమున భారతదేశమునకై చేసిన క్రాస్లీ కవచపు కారులకు లోపల ఆస్బెస్టాసు పొర అమర్చిరి.

ఇక గోధుమ వన్నెలకు సాధారణముగా వాడునది ఐరన్ ఆక్సైడు. మన పల్లెగోడల జాజు అదియే. చెల్కనేల ఎరుపునకు కారణమును అదియే.