సారంగుకు మన తీరపు బట్ట

జావా, మలయా దేశాల్లో ఆడా మగా నడుముకు చుట్టుకునే సారంగుకు ఒకప్పుడు బట్ట మన తీరం నుంచే వెళ్లేదంటే నమ్ముతారా?

మా ఉంగుటూరు నుంచి తాడేపల్లిగూడెం, భీమవరం దాటితే పాలకొల్లు వస్తుంది. డచ్చివారు 1605లో బందరు చేరి, 1613లో పాలకొల్లులోనూ వర్తకస్థానం పెట్టుకున్నారు. వాళ్లకు కావలసినవి లవంగాలు, జాజికాయలు, మిరియాలు. అవి పండించే ద్వీపాలవారేమో మన నూలుబట్టలే అడిగేవారు. అందుకని ఇక్కడ బట్ట కొని, అక్కడ దినుసులకు మార్చేవారు. ఏ ద్వీపానికి ఏ రంగు, ఏ అంచు కావాలో నమూనాలు వచ్చేవి. మనవాళ్లు బయానా పుచ్చుకుని నేసేవారు, చిరివేరుతో ఎర్రరంగు అద్దేవారు.

నరసాపురం పక్కనున్న మాధవాయిపాలెం పేరే ఒక రకం తెల్లబట్టకు ‘మడపోలం’ అని స్థిరపడింది. 19వ శతాబ్దంలో ఇంగ్లండు మిల్లులు ఆ పేరుతోనే బట్ట నేశాయి. జావా స్త్రీలు కూడా సీమ మిల్లుబట్ట మీదే మైనంతో బాతిక్ అద్దకం వేసుకున్నారు. మన ఊరి పేరు లోకమంతా తిరిగింది, మన మగ్గానికి మాత్రం పని తగ్గింది.

చీర కొనేటప్పుడు అంచు, కొంగు విప్పి చూస్తాం కదా! ఎవరు నేశారో, ఎక్కడ నేశారో కూడా ఒక్కమాట అడుగుదాం.